కచేరీ ప్రయాణాన్ని తిరుగుదారి నుంచి లెక్క కట్టడం

వారాంతంలో కారు తీసుకుని దూరాన జరిగే సంగీతోత్సవానికో, ఒక రాత్రి కచేరీకో వెళ్లిరావాలనుకునేవారు సాధారణంగా టికెట్టుతో మొదలుపెడతారు. ఆ తర్వాత దారి, ఆపైన బస చూసుకుంటారు, తిరుగు ప్రయాణం సంగతి అన్నిటికంటే చివర గుర్తుకొస్తుంది. నేను చాలాకాలంగా ఈ వరుసను తలకిందులు చేసుకుని పాటిస్తున్నాను. చివరి పాట ఎప్పుడు ముగుస్తుంది, ఆ తర్వాత నేను ఎక్కడ పడుకుంటాను, మర్నాడు ఏ వేళకు స్టీరింగు పట్టుకుంటాను అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే టికెట్టు కొంటాను. వెళ్లేటప్పుడు ఉత్సాహం, పగటి వెలుతురు, రాత్రంతా పడుకున్న నిద్ర అన్నీ మనకు తోడుంటాయి కాబట్టి ఆ ప్రయాణం కొంచెం అటూఇటూ అయినా సాగిపోతుంది. వచ్చేటప్పుడు వీటిలో ఒక్కటీ ఉండదు. పైగా తిరుగుదారి గురించిన దిగులు మనసులో ఉంటే అది కచేరీ మధ్యలోనే మొదలై, గడియారం చూసుకునేలా చేసి, ఎంతో దూరం వచ్చి వింటున్న సంగీతాన్ని సగానికి సగం తినేస్తుంది.

టికెట్టు మీద ముద్రించిన సమయం చాలాసార్లు గేట్లు తెరిచే సమయమే అయి ఉంటుంది. ప్రధాన కళాకారులు వేదిక ఎక్కేసరికి అక్కడి నుంచి రెండు మూడు గంటలు గడిచిపోవచ్చు. ముందు పాడేవారు ఎంతసేపు పాడతారో, మధ్యలో వాద్యాలు మార్చి అమర్చడానికి ఎంత పడుతుందో బయటివారికి తెలిసే వీలు తక్కువ. ముగింపు వేళ అలా కాదు. నగరాల్లోని ఆరుబయటి వేదికలకు స్థానిక పాలనా సంస్థలు ఇచ్చే అనుమతుల్లో శబ్దం ఆపవలసిన గడువు సాధారణంగా ముందే రాసి ఉంటుంది, దాన్ని దాటడానికి నిర్వాహకులు సాహసించరు. 2012 జులై 14న లండన్ హైడ్ పార్క్‌లో ప్రసిద్ధ రాక్ గాయకులు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, పాల్ మెకార్ట్నీ ఒకే వేదిక మీద ఉన్నప్పుడు కూడా, గడువు దాటిపోయిందన్న కారణంతో వేదిక సౌండును ఆపేశారు. అంతటివారికే మినహాయింపు దొరకలేదంటే, ఆ గడువును నమ్మి మన లెక్క మొదలుపెట్టవచ్చన్నమాట. వేదిక వెబ్‌సైటులో ఆ వేళ కనిపించకపోతే నేను వారికి నేరుగా రాసి అడుగుతాను. ప్రయాణం మొత్తంలో నాకు ముందుగా కచ్చితంగా దొరికే అంకె అదొక్కటే.

పొలాల్లో, మైదానాల్లో రెండు మూడు రోజులు సాగే ఉత్సవాలకు వచ్చేసరికి ఈ కట్టుబాటు కొంత సడలుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బెథెల్‌లో, మాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలంలో 1969 ఆగస్టు 15న మొదలైన వుడ్‌స్టాక్ ఉత్సవం దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ. నాలుగు లక్షలకు పైగా జనం రావడంతో చుట్టుపక్కల రోడ్లన్నీ స్తంభించిపోయాయి. మొదట పాడవలసిన బృందం ట్రాఫిక్‌లో చిక్కుకోవడం వల్ల గాయకుడు రిచీ హేవెన్స్ ముందుగా వేదిక ఎక్కవలసి వచ్చింది, పలువురు కళాకారులను హెలికాప్టర్లలో తీసుకురావలసి వచ్చింది. వానతో, ఆలస్యాలతో కార్యక్రమం వెనక్కి జరిగి జరిగి, ఆదివారం రాత్రి ఉత్సవాన్ని ముగించవలసిన గిటారిస్టు జిమి హెండ్రిక్స్ సోమవారం ఉదయం గానీ వేదిక మీదికి రాలేకపోయాడు. అప్పటికి జనంలో ఎక్కువమంది వెళ్లిపోయారు. సోమవారం పనికి హాజరు కావాలని ఆదివారం రాత్రికే దారి పట్టినవారు, అర్ధశతాబ్దం దాటినా జనం చెప్పుకుంటున్న ఆ గిటారు వాదనాన్ని వినలేకపోయారు. ఇప్పటి ఉత్సవాల నిర్వహణ అప్పటికంటే ఎంతో క్రమబద్ధంగా ఉంటుందనడంలో సందేహం లేదు. అయినా పిడుగుల హెచ్చరిక ఒక్కటి వస్తే చాలు, వేదికను గంటపాటో రెండు గంటలపాటో ఖాళీ చేయిస్తారు, చివరి అంశాలన్నీ ఆ మేరకు వెనక్కి జరుగుతాయి. అందుకే రెండు రోజుల ఉత్సవానికి వెళ్తున్నప్పుడు సోమవారం ఉదయానికి సెలవు పెట్టుకోవడాన్ని నేను టికెట్టు ఖర్చులో భాగంగానే చూస్తాను. ఆ సెలవు దొరకని వారాంతంలో శనివారం ఒక్కరోజుకే టికెట్టు తీసుకుంటాను.

ఇక నిద్ర సంగతి. నా దృష్టిలో ఈ ప్రణాళిక మొత్తానికి ఇరుసు ఇదే. 1997లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం, 17 గంటలు ఏకధాటిగా మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని, 24 గంటలు గడిచేసరికి అది 0.10 శాతంతో సమానమవుతుందని చూపింది. అనేక దేశాల్లో వాహనం నడిపేవారికి చట్టం విధించిన పరిమితి 0.05 శాతమే. దీన్ని మన శనివారానికి అన్వయించి చూడండి. ఉదయం 6 గంటలకు లేచి, సామాను సర్దుకుని, మూడు నాలుగు గంటలు కారు నడిపి, సాయంత్రమంతా నిలబడి పాటలు విన్న మనిషికి రాత్రి 11 గంటలకు సరిగ్గా 17 గంటలు పూర్తవుతాయి. అంటే ఒక్క చుక్క ముట్టకపోయినా, పార్కింగ్ స్థలంలో తాళం తిప్పే వేళకే అతడు ఆ గీత మీద నిలబడి ఉన్నాడు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు సాగుతుంది. మూడు సెకన్లపాటు రెప్ప వాలితే 80 మీటర్లకు పైగా దూరం ఎవరూ నడపని కారులో గడిచినట్టే. కిటికీ అద్దాలు దించడం, పాటల శబ్దం పెంచడం, పక్కవారితో మాట్లాడుతూ ఉండడం కొద్ది నిమిషాలకు మించి పనిచేయవు.

కాబట్టి కచేరీ ముగిసిన రాత్రి దూరప్రయాణం చేయకూడదన్నది నేను సడలించని నియమం. దగ్గరలోనే పడుకుని తెల్లవారాక బయలుదేరుతాను. తప్పనిసరిగా ఆ రాత్రే వెళ్లవలసి ఉంటే, వెళ్లేటప్పుడు నడిపినవారికీ వచ్చేటప్పుడు నడపబోయేవారికీ పని విడగొట్టుకోవాలి. రాత్రి నడపవలసిన వ్యక్తి వెళ్లేటప్పుడు వెనక సీటులోనో, మధ్యాహ్నం బసలోనో గంటన్నర పడుకోవడం వినడానికి చిన్న ఏర్పాటే అయినా ప్రయాణం స్వరూపాన్నే మార్చేస్తుంది. దారిలో కళ్లు బరువెక్కితే సురక్షితమైన చోట కారు ఆపి, ఒక కప్పు కాఫీ తాగి, వెంటనే 15 నుంచి 20 నిమిషాలు కునుకు తీయడం మేలు. కెఫీన్ ఒంటికి పట్టడానికి దాదాపు అరగంట పడుతుంది కాబట్టి మెలకువ వచ్చేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. అయితే ఇది పక్క ఊరి దాకా చేర్చే ఉపాయమే తప్ప రాత్రంతా నడపడానికి అనుమతి కాదు. కారులోనే పడుకోదలచినవారు ఇంజను తప్పకుండా ఆపేయాలి. ఇంజను వదిలే, రంగూ వాసనా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరితే నిద్రలో ఉన్నవారికి ఆ సంగతే తెలియదు.

ఆదివారం తిరుగుదారికి కూడా ఒక వేళ ఉంది. మన శరీర గడియారం తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల మధ్య మరొకసారి మందగిస్తుంది. శనివారం రాత్రి తక్కువ నిద్రపోయినవారికి ఆ మధ్యాహ్నపు మందకొడితనం మరింత బలంగా తగులుతుంది. అందువల్ల ఉదయం తొమ్మిదింటికల్లా బయలుదేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరడమో, లేదా మధ్యాహ్నం దాకా నిదానంగా గడిపి నాలుగు దాటాక కదలడమో మంచిది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. రాత్రి విన్నది ఇంకా తాజాగా ఉన్న ఆ ఉదయం, కొత్త చోట ఏ తొందరా లేకుండా తోటివారితో దాని గురించి మాట్లాడుకునే ఆ మూడు నాలుగు గంటలు, కచేరీలో ఒక భాగమని నేను నిజంగా నమ్ముతాను.

ఇంతదూరం లెక్క కట్టాక, ఎంత దూరం వెళ్లవచ్చన్న ప్రశ్నకు జవాబు దానంతట అదే తేలుతుంది. ఒక్క రాత్రి బసతో వెళ్లే కచేరీకి ఒకవైపు మూడు గంటలు, రెండు రాత్రుల ఉత్సవానికి నాలుగైదు గంటలు నేను పెట్టుకున్న హద్దు. ప్రతి రెండు గంటలకు ఒక పావుగంట ఆగడం ఆ లెక్కలో కలిసే ఉంటుంది. దీన్నిబట్టి కొన్ని పెద్ద ఉత్సవాలు వారాంతపు ప్రయాణానికి అమరవని ఒప్పుకోవలసి వస్తుంది. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో వర్తీ ఫారమ్ అనే పొలంలో 1970 నుంచి జరుగుతున్న గ్లాస్టన్‌బరీ బుధవారం నుంచి ఆదివారం దాకా సాగుతుంది. పొలానికి విశ్రాంతినివ్వడం కోసం 2018లో, 2026లో దాన్ని జరపకూడదని నిర్ణయించారు కూడా. అలాంటి ఉత్సవానికి ఏడాది ముందు నుంచీ సెలవులు కూడబెట్టుకుని వెళ్లాలి. వారాంతానికి సరిపోయేవి ఒకే వేదిక ఉన్న చిన్న ఉత్సవాలు, పగటిపూటే ముగిసే ఉత్సవాలు, ఒక కళాకారుడు పర్యటనలో భాగంగా ఇచ్చే కచేరీలు. పర్యటనల విషయంలో ఒక సూచన చేస్తాను. మీకు దగ్గరి నగరంలో కచేరీ గురువారం పడి, మూడు గంటల దూరంలోని ఊరిలో శనివారం పడితే, శనివారం దానికే వెళ్లండి. మర్నాడు ఉదయం అలారం లేదన్న నిశ్చింత ఆ మూడు గంటల దూరాన్ని మరిపిస్తుంది.

బసను టికెట్టుకంటే ముందే, డబ్బు వదులుకోకుండా రద్దు చేసుకునే పద్ధతిలో పట్టుకోవడం తెలివైన పని. పెద్ద కళాకారుల పేర్లు ప్రకటించిన గంటల్లోనే చుట్టుపక్కల గదులు అయిపోతాయి, మిగిలినవాటి ధర పెరిగిపోతుంది. గది ఎంచుకునేటప్పుడు వేదికకు ఎంత దగ్గర అన్నది చూస్తూనే, మర్నాటి తిరుగుదారి వైపు ఉందా లేదా అన్నది కూడా చూస్తాను. రాత్రి జనమంతా ఒక దిక్కున వెళ్తుంటే ఎదురీదవలసిన పని తప్పుతుంది. అర్ధరాత్రి దాటాక తాళం ఎవరిస్తారో ముందే ఫోను చేసి కనుక్కోవడం మరిచిపోకూడదు. గుడారం వేసుకునేవారు చీకటిలో కర్రలు, తాళ్లు వెతుక్కునే అవస్థ లేకుండా మధ్యాహ్నమే అది వేసి, ఆ తర్వాతే వేదిక వైపు వెళ్లాలి. తూర్పు దిక్కున చెట్టో, ఎత్తైన మరేదైనా నీడో ఉన్న చోటు దొరికితే ఉదయం మరో రెండు గంటలు పడుకోగలుగుతారు. ఎండలో మూసి ఉన్న కారులో గంట సేపట్లో వేడి బయటికంటే 20 డిగ్రీలకు పైగా పెరుగుతుంది, గుడారం పరిస్థితి కూడా దానికి ఎంతో దూరంలో ఉండదు.

పార్కింగ్ గురించి జనం తక్కువగా ఆలోచిస్తారు, కానీ రాత్రి ఎలా ముగుస్తుందో తేల్చేది అదే. లాస్ ఏంజెలెస్‌లో 1922 నుంచి ఉన్న ఆరుబయటి వేదిక హాలీవుడ్ బౌల్ వంటి చోట్ల కార్లను ఒకదాని వెనక ఒకటి ఖాళీ లేకుండా నిలబెడతారు. ముందున్న కారు యజమాని వచ్చి కదిలించేదాకా వెనకనున్నవారు ఎంత త్వరగా వచ్చినా చేయగలిగింది లేదు. ఇలాంటి ఏర్పాటు ఉందేమో ముందుగా చూసుకుని, ఉంటే కారును దూరంగా వదిలి రైలులోనో బస్సులోనో చేరుకోవడం మంచిది. మామూలు మైదానమైతే గేటుకు దగ్గరి చోటు కోసం తాపత్రయపడడం కంటే, బయటికి పోయే దారికి దగ్గరగా, ముందుభాగం దారి వైపు ఉండేలా ఆపుకుని పావుగంట నడవడానికి నేను ఇష్టపడతాను. చివరి పాట మొదలవగానే లేచి పరుగెత్తేవారిని చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఆ పాట కోసమే కళాకారులు సాయంత్రమంతా ఊపు కూడగట్టుకుంటూ వచ్చారు. అందరితోపాటు గేటు దగ్గర ఇరుక్కునే బదులు, కచేరీ అయ్యాక అరగంటో ముప్పావుగంటో కారు దగ్గరే కూర్చుని, నీళ్లు తాగి, ఏదైనా తిని కదిలితే, మొత్తం మీద పోయే సమయం చాలా తక్కువ. కారు ఎక్కడ ఉందో దిగగానే ఫోనులోని మ్యాపులో గుర్తుపెట్టుకుని, ఆ ప్రాంతం మ్యాపును, క్యూఆర్ టికెట్టును నెట్‌వర్క్ అవసరం లేకుండా తెరుచుకునేలా ఇంటి దగ్గరే దింపుకోవాలి. వేలమంది ఒకేచోట ఉన్నప్పుడు టవర్లు ఆ భారాన్ని మోయలేవు. కాల్ కలవని చోట కూడా మామూలు ఎస్సెమ్మెస్ ఒక్కోసారి వెళ్తుంది. విడిపోతే ఏ గుర్తు దగ్గర, ఏ వేళకు కలుసుకోవాలో నోటితోనే అనుకుని ఉండడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. విద్యుత్ కారు ఉన్నవారు వేదికకు చేరకముందే ఛార్జింగు పూర్తి చేసుకోవాలి, కచేరీ ముగిశాక ఆ చుట్టుపక్కల ఛార్జర్ల దగ్గర బారులు తీరి ఉంటాయి.

సంగీతాన్ని వినడం కోసం కూడా కొంత ప్రణాళిక అవసరం. సౌండ్ ఇంజనీరు కూర్చునే మిక్సింగ్ కన్సోల్ ఎక్కడుందో చూసి, దానికి కాస్త ముందో పక్కనో నిలబడడం నా అలవాటు. ఆ ఇంజనీరు తన చెవికి వినిపించేదాన్నిబట్టే ప్రతి గొంతునూ, ప్రతి వాద్యాన్నీ సరిదిద్దుతాడు కాబట్టి, మైదానం మొత్తంలో పాట అనుకున్నట్టుగా వినిపించేది అక్కడే. వేదికకు ఆనుకుని నిలబడితే కళాకారుల ముఖాలు కనిపిస్తాయి గానీ గొంతు డ్రమ్ముల కింద మునిగిపోవచ్చు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది కాబట్టి, వంద మీటర్ల వెనకనున్నవారికి అది దాదాపు 0.3 సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. వెనక స్తంభాలకు కట్టిన స్పీకర్లను అందుకే లెక్క ప్రకారం ఆలస్యంగా పలికిస్తారు. ఆ స్తంభాలకు దగ్గరగా నిలబడినవారికి దూరంలోనూ మంచి స్పష్టత దొరుకుతుంది.

చెవులను కాపాడుకోవడం సంగీతాన్ని ప్రేమించేవారు చేయవలసిన మొదటి పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాణం, వేదికల్లో శబ్దం 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్‌కు మించరాదని చెబుతోంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం, 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు భరించగల చెవి 100 డెసిబెల్స్‌ను 15 నిమిషాలే భరించాలి. కచేరీ రెండు గంటలు సాగుతుంది. మంద్రం నుంచి తారం దాకా అన్ని స్థాయిల శబ్దాలనూ సమంగా తగ్గించే సంగీతకారుల ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటే పాట మసకబారదు, నా మటుకు గొంతుల్లోని సున్నితత్వం మరింత బాగా తెలుస్తుంది. దీనికి తిరుగుదారితో కూడా సంబంధం ఉంది. పెద్ద శబ్దానికి మొద్దుబారిన చెవికి కొన్ని గంటలపాటు హారన్లు, అంబులెన్స్ సైరన్లు దూరంగా ఉన్నట్టు వినిపిస్తాయి. వెళ్లేటప్పుడు చివరి గంట కారులో ఏ పాటా పెట్టకుండా ఉండడం కూడా నాకు ఇష్టమైన పద్ధతి. అదే కళాకారుల రికార్డులను దారి పొడవునా వింటూ వెళ్తే, వేదిక మీద వారు చేసే చిన్న చిన్న మార్పులు కొత్తగా తోచడానికి బదులు తేడాగా తోస్తాయి. వినదలచుకుంటే వారికి ముందు పాడబోయే, మనకు పరిచయం లేని బృందాన్ని వినడం మేలు.

వాతావరణం గురించి క్లుప్తంగా చెబుతాను. ఉత్సవాలకు వెళ్లేవారిని ఎండకంటే బురదే ఎక్కువగా ఆపేస్తుంది. జర్మనీలోని వాకెన్ ఓపెన్ ఎయిర్ ఉత్సవానికి 2023లో వానలవల్ల నేల పూర్తిగా బురదై, కొత్తగా వస్తున్నవారిని నిర్వాహకులు మధ్యలోనే నిలిపివేయవలసి వచ్చింది. టికెట్టు నిబంధనల్లో వాన పడినా కార్యక్రమం జరుగుతుందనే వాక్యం ఉందేమో, రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో కొనేముందే చదువుకోవాలి. బయలుదేరే రోజు ఉదయం నిర్వాహకుల ప్రకటనలను ఒకసారి చూడాలి. ఎత్తైన ప్రాంతాల్లోని వేదికలకు వెళ్తే, మధ్యాహ్నం ఎంత ఎండగా ఉన్నా రాత్రికి వెచ్చని దుస్తులు అవసరమవుతాయి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో రెడ్ రాక్స్ ఆంఫీథియేటర్ సముద్రమట్టానికి 1,900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, అక్కడ సూర్యుడు అస్తమించగానే చలి మొదలవుతుంది. అనేక వేదికలు చిన్న సంచులనో, పారదర్శకమైన సంచులనో మాత్రమే లోపలికి రానిస్తాయి కాబట్టి ఆ వెచ్చని దుస్తులను ఒంటి మీదో నడుముకు కట్టుకునో తీసుకువెళ్లవలసి ఉంటుంది.

తోడు వచ్చేవారితో బయలుదేరేముందు మూడు విషయాలు స్పష్టంగా మాట్లాడుకుంటాను. ఎవరు ఎప్పుడు నడుపుతారు, నడిపేవారు ఆ సాయంత్రం మద్యం ముట్టరన్న మాటకు అందరూ కట్టుబడి ఉన్నారా, ఒకే వేళకు రెండు వేదికల మీద ఇద్దరు కళాకారులు పాడుతుంటే విడిపోవడానికి అందరికీ సమ్మతమేనా. మూడోది మాట్లాడుకోకపోవడం వల్ల ఎవరికీ నచ్చని మధ్యేమార్గంలో తిరుగుతూ సాయంత్రాలు గడిపే బృందాలను చాలా చూశాను. పిల్లలు వస్తుంటే వారి చెవులకు మూసే తరహా రక్షణ కవచాలు తప్పనిసరి, వారితో వచ్చిన పెద్దల్లో ఒకరు ముందుగా బసకు తిరిగి వెళ్లేందుకు విడిగా వాహనమో, నడిచిపోగలిగే దూరమో ఉండాలి. ఇవన్నీ కుదిరాక టైర్లు చల్లగా ఉన్నప్పుడే, మనుషుల బరువూ సామాను బరువూ లెక్కలోకి తీసుకుని గాలి సరిచూసుకుని, ఆదివారం ఎన్నింటికి బయలుదేరతామో శుక్రవారమే అందరికీ సందేశం పంపుతాను.